నిర్వలసీకరణ బిళ్ళ

ఆఫ్రికా రచయితలు ఇంగ్లీషులో రాయకూడదని ఆచార్య వేమవరపు దివాకరం ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో రాస్తున్నాడు.

వాళ్ళు తమ తల్లుల భాషలోనే రాయాలని ఆయన పట్టుదల. తెల్లదొర ఓడెక్కి పోయేటప్పుడు జెండా మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు గానీ, భాషను మాత్రం వాళ్ళ నాలుకల మీదే వదిలేసి పోయాడనీ, ఆ నాలుకలు కడుక్కున్నప్పుడే అసలు స్వాతంత్ర్యమనీ ఆయన వాదిస్తాడు. ఈ వాదనను మెచ్చుకున్నవాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు, కెనడాలో ఉన్నారు. ఆఫ్రికాలో ఉన్నారో లేదో ఆయనకు తెలియదు. ఆయన ఆఫ్రికా ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళాలంటే పచ్చజ్వరం టీకా వేయించుకోవాలి, ఆయనకు సూదంటే చిన్నప్పటినుంచీ భయం.

వెళ్ళకపోయినా ఆఫ్రికా మీద ప్రేమ లేదనడానికి వీల్లేదు. ఆదోనిలో కర్టెన్ల గుడ్డ కొని పెద్దపెద్ద పువ్వుల చొక్కాలు కుట్టించుకుని తొడుక్కునేవాడు. ఆయన భార్య సుభాషిణి జిల్లా కోర్టులో లాయరు. "మీరు ఆ చొక్కాతో మా కోర్టు పక్కకు రావద్దండీ. జడ్జిగారు కిటికీ అనుకుని తెరవమంటారు" అనేది.

తెలుగు ఆయనకు రాదని కాదు. కూరగాయల బండి దగ్గర వచ్చు. కోపం వస్తే మరీ బాగా వచ్చు. పుట్టింది కోయిలకుంట్లలో, తిట్లకు కొదవలేదు. ఆలోచించడం మొదలుపెట్టగానే మాత్రం తెలుగు మెల్లగా లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

కర్నూలుకు కాస్త దూరంలో, నల్లరేగడి చేల నడుమ కట్టిన హంద్రీ విశ్వవిద్యాలయంలో ఆయన ఇంగ్లీషు శాఖకు అధిపతి. అక్కడ ఆఫ్రికా అధ్యయన కేంద్రం ఒకటి పెట్టించి, దానికి డైరెక్టరు అనిపించుకుని రిటైరవ్వాలన్నది ఆయన కోరిక. వచ్చిన ప్రతి వైస్ ఛాన్సలరునూ అడిగాడు. ప్రతి ఒక్కరూ "చూద్దాం" అన్నారు. అలా చూస్తూ చూస్తూ వాళ్ళంతా రిటైరయ్యారు.

కొత్తగా వచ్చిన వైస్ ఛాన్సలరు ఆచార్య గజేంద్రనాథ్ భూసార శాస్త్రవేత్త. చౌడునేలల్ని బాగుచేయడంలో పేరున్నవాడు. విశ్వవిద్యాలయ వ్యవస్థాపక దినోత్సవానికి ప్రసంగం ఎవరిదని అడిగితే, ఖాళీగా ఉన్నవాడు దివాకరమేనని రిజిస్ట్రారు ఫణిశయనం చెప్పాడు.

దివాకరం దంచేశాడు, ఇంగ్లీషులోనే. సభ అంతా మర్యాదగా నిద్రపోతూండగా, వలసకాలపు బడుల్లో జరిగిన ఒక ఘోరం వర్ణించాడు. తల్లిభాషలో మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కబిళ్ళ వేసేవారు. వాడు ఇంకొకణ్ణి పట్టుకుని వాడికి తగిలించాలి. సాయంత్రానికి బిళ్ళ ఎవడి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. తన భాష తన నోటికి వస్తుందంటేనే పిల్లవాడు భయపడేలా, పక్కవాడి నోటికేసి అనుమానంగా చూసేలా చేసిన పని ఇదని చెబుతుంటే దివాకరం గొంతు నిజంగానే వణికింది.

చెక్కబిళ్ళ దగ్గర వైస్ ఛాన్సలరు మేలుకున్నాడు. మిగతా ప్రసంగమంతా ముందుకు వంగి విన్నాడు. సభ అయ్యాక దివాకరం చేయి పట్టుకుని వదల్లేదు.

"అద్భుతం! ఖర్చు లేదు, సిబ్బంది అక్కర్లేదు, ఒకరికొకరు కాపలా! ఇంత చక్కని విధానం చరిత్రలో ఉందని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?"

"సార్, అది ఘోరమని నా ఉద్దేశం" అన్నాడు దివాకరం.

"వారు చేస్తే ఘోరం. మనం వారి భాష మీదే ప్రయోగిస్తే న్యాయం. చూడండి ఆచార్యా, మన తెలుగులో ఉప్పుశాతం పెరిగిపోయింది. భూమి చౌడు తేలితే ఏం చేస్తాం? కడుగుతాం."

రెండో రోజున ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది బోధన, బోధనేతర సిబ్బందికిని, విద్యార్థినీ విద్యార్థులకును తెలియజేయునదేమనగా, ప్రాంగణమునందు ఆంగ్లపదము నుచ్చరించిన వారి కంఠమునందు విమోచన బిళ్ళ అలంకరింపబడును. సదరు వ్యక్తి ఆంగ్లపదము నుచ్చరించిన వేరొకరిని గుర్తించి సదరు బిళ్ళను బదిలీ చేయవచ్చును. సాయంసమయమున ఎవరి కంఠమునందు బిళ్ళ మిగిలియున్నదో వారు పరిపాలనా భవనము మెట్లపై నిలుచుండి, తెలుగుతల్లికి క్షమాపణ తెలుపుకొని, వర్ణమాల యావత్తు ధ్వనివర్ధకమునందు పఠింపవలెను."

దివాకరం వైస్ ఛాన్సలరు గదికి ఆవేశంగా వెళ్ళాడు. దారిలో మంచి మంచి వాక్యాలు తయారుచేసుకున్నాడు, అన్నీ ఇంగ్లీషువి.

ఆయన నోరు తెరవకముందే వైస్ ఛాన్సలరు లేచి నిలబడి శాలువా కప్పాడు. "వలసభాషా విమోచన సంఘానికి మీరే అధ్యక్షులు. ఆలోచన మీది కనుక గౌరవమూ మీదే. అన్నట్టు, మీరేదో కేంద్రం అడుగుతున్నారట. ఆఫ్రికా–ఆంధ్ర అధ్యయన కేంద్రం. మంజూరు చేశాను. గది చూసుకోండి."

దివాకరానికి చెప్పవలసిన మాట గొంతులో ఉంది. దాని మీద కేంద్రం వచ్చి కూర్చుంది. "ధన్యవాదాలు" అని బయటికి వచ్చాడు. వరండాలో కాసేపు నిలబడి, ముందు కేంద్రం రానీ, తరవాత లోపలినుంచి ఈ పిచ్చిని సరిచేద్దాం అనుకున్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళకు ఇలాంటి సమాధానాలు చాలా తొందరగా తోస్తాయి.

బిళ్ళను వేపచెక్కతో చేయించారు. దాన్ని చూసుకునే బాధ్యత ఇంగ్లీషు శాఖ అటెండరు మద్దిలేటికి అప్పగించి, అతన్ని భాషారక్షకుడిగా నియమించారు. అంతవరకూ మద్దిలేటి పని టీలు తేవడం, తలుపులు వేయడం. ఇప్పుడు తలుపుల వెనక నిలబడి చెవులు రిక్కించడం. దాన్ని అతను ఎంతో ఇష్టంగా చేశాడు. 'సార్', 'మేడమ్' అన్న పిలుపులను మాత్రం ఎవరూ ఇంగ్లీషు కింద లెక్కపెట్టలేదు.

సంఘం తొలి సమావేశంలో అధ్యక్షుడు లేచి, "మిత్రులారా, మనం ఈనాడు మొదలుపెడుతున్నది డీకాలనైజేషన్..." అన్నాడు.

దివాకరం ఆ మాటకు తెలుగు కోసం వెతుక్కున్నాడు. ఇరవై ఏళ్ళుగా తిండిపెట్టిన మాట, దానికి తెలుగేమిటో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆయన వెతుకుతుండగానే మద్దిలేటి వచ్చి వినయంగా మెడలో బిళ్ళ వేశాడు. "తప్పు సార్, ఎవురైనా ఒగటే. మీరే గదా అధ్యక్షులు."

ఆ రోజు ఆయన చుట్టూ ఎవరూ నోరు తెరవలేదు. సాయంత్రం మెట్ల మీద నిలబడి, తెలుగుతల్లికి క్షమాపణ చెప్పుకుని, వర్ణమాల అందుకున్నాడు. 'ౠ' దాకా బాగానే నడిచింది. ఆ తరవాత ఏముంటుందో గుర్తురాలేదు. కింద నిలబడ్డ విద్యార్థులు ఎంతో ప్రేమగా అందించబోయారు, వాళ్ళకూ గుర్తురాలేదు. మర్నాడు వైస్ ఛాన్సలరు ఆ మాటకు 'నిర్వలసీకరణ' అని తెలుగు కట్టి, ఉత్తర్వుగా విడుదల చేశాడు. దాన్ని తడబడకుండా పలకడానికి సంఘం సభ్యులకు వారం పట్టింది.

తరవాత ప్రాంగణం కొత్త కళతో వెలిగిపోయింది. మధ్యాహ్నం దాటితే ఎవరూ మాట్లాడేవారు కాదు. బిళ్ళ ఉన్నవాడు మాత్రం మాట్లాడించడానికి తిరిగేవాడు. ఆర్థికశాస్త్రం ఆచార్యుడొకాయన చరిత్ర ఆచార్యుణ్ణి ఆప్యాయంగా పలకరించి, "మీ చేతికున్నది ఎంత బాగుందండీ, ఏమిటది?" అన్నాడు. ఆయన "వాచీ" అన్నాడు. అంతే, బిళ్ళ ఆయనకు చేరింది. ముప్పై ఏళ్ళ స్నేహం ఆ రోజుతో తెగింది. వాచీ అన్నది తెలుగైపోయిందని చరిత్ర ఆచార్యుడు అప్పీలు పెట్టుకుంటే, అప్పీలు అన్నందుకు రెండోసారి బిళ్ళ పడింది.

భాషాశాస్త్రం వాళ్ళు ఊరుకోలేదు. మేస్త్రీ, బాల్చీ పోర్చుగీసు మాటలని, జవాబు, దరఖాస్తు పారశీకం నుంచి వచ్చాయని తవ్వితీశారు. మరి సంస్కృతం మాటేమిటని ఒక కుర్రవాడు అడిగాడు. అడిగినవాడికి హాస్టల్లో గది మారిపోయింది.

అసలు చిక్కు గ్రంథాలయంలో వచ్చింది. ఆఫ్రికా పుస్తకాలున్న బీరువా ముందు సంఘం కూర్చుని విచారించింది. సగం పుస్తకాలు ఆఫ్రికావాళ్ళు ఇంగ్లీషులో రాసినవి, అవి నిషిద్ధం. మిగతా సగం వాళ్ళు సొంత భాషల్లో రాస్తే ఇంగ్లీషులోకి అనువాదమైనవి, అవీ నిషిద్ధమే. బీరువా ఖాళీ అయింది. ఆ ఖాళీ బీరువాను ఆఫ్రికా–ఆంధ్ర అధ్యయన కేంద్రానికి తొలి ఆస్తిగా అప్పగించారు. తన పుస్తకాలు కూడా కట్టలు కట్టి తీసుకుపోతుంటే దివాకరం అడ్డు చెప్పలేకపోయాడు. వాటిలో రాసి ఉన్నది సరిగ్గా అదే.

ఇంగ్లీషు తగ్గేసరికి ఉత్సాహానికి పని తగ్గింది. దాంతో రెండో ఉత్తర్వు వచ్చింది. ఆంగ్లముతోపాటు గ్రామ్యము, మాండలికము, అశిష్ట ఉచ్చారణ సైతము బిళ్ళకు అర్హములు.

ఆ ఉదయం మద్దిలేటి ఎవరినో పిలుస్తూ, "యాడికి పోతాండావప్పా?" అన్నాడు. ఫణిశయనం పక్కనే ఉన్నాడు. బిళ్ళ భాషారక్షకుడి మెడలోనే పడింది.

మద్దిలేటికి అర్థం కాలేదు. దివాకరం గదికి వచ్చి, బిళ్ళ చేత్తో పట్టుకుని అడిగాడు. "సార్, నేను ఇంగిలీసు మాట్లాడల్యా. నా నోట్లో ఉండేది తెలుగే గదా?"

"తెలుగే మద్దిలేటీ. కానీ..."

"ఇంగ తెలుగోళ్ళకు తెలుగు మాట్లాడొద్దంటే నేను ఏం మాట్లాడల్ల?"

దీనికి సమాధానం దివాకరం పుస్తకాల్లో చాలా విపులంగా ఉంది. ఆ పుస్తకాలు కట్టల్లో ఉన్నాయి. మద్దిలేటి ఆ రోజునుంచి మాట్లాడటం మానేశాడు. సైగలు చేసేవాడు. బిళ్ళ మాత్రం అతన్ని వదలలేదు. మాట్లాడకపోతే ఇంకెవర్నీ మాటల్లో పెట్టలేడు కదా.

కేంద్రం ప్రారంభానికి అతిథి కావాలి. దివాకరం ఎప్పుడో పిలిచి ఉంచిన అతిథి ఒకామె ఉంది. తవొంగా నిరెండా అని మలావీ దేశపు రచయిత్రి. చాలాకాలం మంత్రసానిగా పనిచేసి, ఉత్తర మలావీలో తన తల్లి మాట్లాడిన తుంబుకా భాషలో కథలు రాస్తుంది. దివాకరం ఆమె మీద రెండు వ్యాసాలు రాశాడు, అనువాదాలు చదివి.

"అతిథి మహోదయ తన మాతృభాషలో ఉపన్యసిస్తారు" అన్నాడు వైస్ ఛాన్సలరు. "అది నేరుగా తెలుగులోకి. నడుమ ఆంగ్లం ముట్టరాదు. అనువాదకులు మీరే."

"సార్, నాకు తుంబుకా..."

"ఇరవై సంవత్సరాలుగా ఆఫ్రికా మీద పరిశోధన. ఆఫ్రికాలో భాషలెన్ని?"

"రెండు వేల పైమాటే."

"అందులో ఒక్కటి రాదా?"

రాదు అని చెప్పడానికి రెండక్షరాలు చాలు. దివాకరం చిరునవ్వు నవ్వాడు. వైస్ ఛాన్సలరు దాన్ని వినయం కింద జమకట్టుకున్నాడు.

ఇంటికొచ్చి సుభాషిణికి చెప్పాడు. ఆమె కేసుకట్ట పక్కన పెట్టి విన్నది. "రాని భాషనుంచి రాని భాషలోకి చేస్తారన్నమాట. ఇంత ధైర్యం నా దగ్గరికొచ్చే దొంగసాక్షులకు గూడా లేదు."

నిరెండా వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. నేలబారు చెప్పులు, బూడిదరంగు చీటీగౌను. దివాకరం పువ్వుల చొక్కాను కాసేపు తేరిపార చూసింది. లోపల ఇంగ్లీషు వాడకూడదని మాత్రం ఆమెకు ముందే చెప్పి ఉంచారు కనుక, ప్రాంగణంలో ఇద్దరూ నమస్కారాలతో, తలకాయ ఊపులతో గడిపారు. కారు విశ్వవిద్యాలయం గేటు దాటగానే ఇద్దరూ ఒక్కసారే ఇంగ్లీషులో పడ్డారు.

"నా భాషలోనే మాట్లాడమన్నారు. ఇంతవరకు ఏ దేశమూ నన్నలా అడగలేదు. మీ వైస్ ఛాన్సలరు గొప్పవాడు" అంది ఆమె.

గొప్పవాడేనన్నాడు దివాకరం. బిళ్ళ సంగతి చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు, ఎందుకంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా తనదగ్గరే మొదలవుతుంది. ఉపన్యాసం ఇంగ్లీషు ప్రతి ఉంటే ముందే తెలుగు చేసి పెట్టుకుంటానని మాత్రం అడిగాడు.

దివాకరం ఇంట్లో భోజనాలయ్యాక, సుభాషిణితో కలిసి ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఉపన్యాసం నిజానికి ఒక కథ. నిరెండా అమ్మమ్మకు ఒక మేక ఉండేది. మిషన్ బడినుంచి తెచ్చిన మొదటి ఇంగ్లీషు పుస్తకాన్ని ఆ మేక తినేసింది. అమ్మమ్మ మేకను తిట్టిన తిట్లే కథ.

దివాకరం కలం తీశాడు. "అజము ఆ ప్రథమ వాచకమును భక్షించినది" అని రాశాడు.

సుభాషిణి భుజం మీంచి చూసింది. "ఇది మేకా, ముద్దాయా?"

ఆయన కొట్టేశాడు. ఇంకోలా రాశాడు. అదీ కొట్టేశాడు. పుస్తకం తిన్న మేకను తెలుగులో ఎలా తిట్టాలో ఇరవై ఏళ్ళ పరిశోధనలో ఎక్కడా రాలేదు. "మీ అమ్మమ్మ అసలు ఏమంది?" అని నిరెండాను అడిగాడు. ఆమె తుంబుకాలో అంది. అనడం కాదు, లేచి నిలబడి, నడుం మీద చేయి పెట్టి, కుర్చీనే మేక అనుకుని దులిపేసింది. అర్థం తెలియకపోయినా సుభాషిణికి తెలిసిపోయింది. తను లేచి అదే కుర్చీని అందుకుంది.

"ఓసి నీ కడుపు మండ! ఊర్లో ఆకులన్నీ సాలల్యా నీకు, కాయితాలు గూడా కావల్సొచ్చెనా? రేపు కడుపునొప్పి అని అరిస్తే నీకు ఏ బాసలో మందేసేది?"

నిరెండా చప్పట్లు కొట్టింది. "అదే! అదే మా అమ్మమ్మ!"

ఆ మధ్యాహ్నం దివాకరం ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక పేజీ తెలుగు రాశాడు. రాసినది తనకే నచ్చి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. అందులో ప్రతి వాక్యమూ రెండో ఉత్తర్వు ప్రకారం బిళ్ళకు అర్హమేనని, పడుకోబోయే ముందు ఆయనకు తట్టింది.

ప్రారంభోత్సవం రోజు సభ నిండిపోయింది. వైస్ ఛాన్సలరు స్వాగతం పలికాడు. అది తెలుగేనని అందరూ నమ్మకంతో విన్నారు. నిరెండా మాట్లాడటానికి లేచింది. పక్కనే కాగితంతో దివాకరం. అప్పుడే మద్దిలేటి నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వంగినప్పుడు మెడలోని బిళ్ళ ఊగి బల్లకు తగిలి టక్కుమంది.

నిరెండా ఆ బిళ్ళను చూసింది. మద్దిలేటి ముఖం చూసింది. దివాకరం వైపు తిరిగి తుంబుకాలో ఏదో అడిగింది.

దివాకరం కాగితం చూసి, "మా అమ్మమ్మకు ఒక మేక ఉండేది" అని చదివాడు.

ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి గట్టిగా, వేలు చూపించి.

"అది మహా దొంగముండ" అన్నాడు దివాకరం. సభ కిలకిలలాడింది.

ఆ నవ్వు విని ఆమె నివ్వెరపోయింది. సభవైపు తిరిగి మాట్లాడింది. గొంతు పెరిగింది, చేయి గుండెల మీదికి వెళ్ళింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దివాకరం చెమటలు కారుస్తూ చదువుకుపోయాడు. "ఊర్లో ఆకులన్నీ సాలల్యా నీకు?" సభ పొట్టలు పట్టుకుంది. వెనకవరసల్లో ఈలలు వేశారు. ఆమె ఎంత బాధపడితే వాళ్ళు అంత నవ్వారు. మొదటి వరసలో సుభాషిణి ఒక్కతే నవ్వలేదు. భర్తకేసి చూస్తోంది, అబద్ధం చెబుతున్న సాక్షికేసి చూసినట్టు.

నిరెండా ఆగిపోయింది. తరవాత స్పష్టంగా ఇంగ్లీషులో అడిగింది. "ఆ మనిషి మెడలో అది ఎందుకుంది?"

మద్దిలేటి అన్ని రోజుల తరవాత నోరు తెరిచాడు. "మేడమ్ ఇంగిలీసు మాట్లాడె గద సార్!" అని బిళ్ళ తీసి చేతపట్టుకుని నిలబడ్డాడు. నియమం ప్రకారం అది ఇక ఆమెదే.

వైస్ ఛాన్సలరు ఫణిశయనం వైపు, ఫణిశయనం పైకప్పు వైపు చూశారు. "అతిథి మహోదయకు మినహాయింపు ఇవ్వవచ్చునా?" "మినహాయింపునకు ముందు సంఘం తీర్మానం కావలెనండి." "సంఘాధ్యక్షులెవరు?" అందరూ దివాకరం వైపు తిరిగారు.

దివాకరానికి కేంద్రం గుర్తొచ్చింది. కొత్త గది తలుపుకు రాయించిన పేరు గుర్తొచ్చింది. మద్దిలేటి చేతిలోని బిళ్ళ ఆ ముసలామె తలదాకా వెళితే ఏమవుతుందో ఒక్క క్షణం కళ్ళముందు కనబడింది. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"గివ్ ఇట్ టు మీ, మద్దిలేటీ" అన్నాడు.

బిళ్ళ ఆయన మెడలో పడింది. తేలిగ్గానే ఉంది. ఆయన నిరెండాకు ఇంగ్లీషులోనే, మైకులోనే, అంతా చెప్పాడు. తన ప్రసంగం, ఉత్తర్వు, తనకు ఇచ్చిన కేంద్రం, తను మాట్లాడకుండా ఉండటం. ఆమె విన్నది. తరవాత నెమ్మదిగా మాట్లాడింది. దివాకరం ఆమె ఇంగ్లీషును తెలుగు చేయబోయాడు. మంచి తెలుగు కోసం చూశాడు, రాలేదు. కోయిలకుంట్ల తెలుగు వచ్చింది. అదే చెప్పాడు.

"ఇంతసేపు నేను చెప్పింది ఈయమ్మ చెప్పింది కాదు. నాకు ఈయమ్మ బాస రాదు. వస్తాదని మిమ్మల్నందర్నీ నమ్మించినా. ఇప్పుడు చెప్పేది నిజంగా ఈయమ్మ మాట. చిన్నప్పుడు మిషన్ బళ్ళో ఎముకముక్క ఒకటి దారానికి కట్టి ఈయమ్మ మెడలో ఏసినారంట, తుంబుకా మాట్లాడినాదని. ఇంటికి పోయినంక వాళ్ళమ్మ పలకరిస్తే గూడా బదులు చెప్పడానికి భయపడినాదంట. తర్వాత దొరలు పోయినారు, స్వరాజ్యం వచ్చింది. దేశానికంతా ఒకటే బాస ఉండల్లని వాళ్ళ సొంత సర్కారే తుంబుకాను బళ్ళోనుంచి, రేడియోలోనుంచి తీసేసినాదంట. ఆ ఎముకముక్క దారం ఇప్పటికీ మెడకు తగుల్తానే ఉన్నట్టుంటాదంట. ఇంత దూరం వచ్చి మళ్ళా దాన్ని చూస్తాననుకోలేదంట."

మద్దిలేటి గోడకానుకుని నేలకేసి చూస్తున్నాడు.

వైస్ ఛాన్సలరు లేచాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. తరవాత కండువాతో కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"ధన్యులం. అతిథి మహోదయ బాల్యమున ధరించిన బిళ్ళను అరవై ఏళ్ళు దాటినా మరువలేదని స్వయంగా ధ్రువీకరించారు. ఒక విద్యావిధానం ఇంతకాలం జ్ఞాపకముండుట అపూర్వం. మన విధానమునకు ఇది అంతర్జాతీయ గుర్తింపు!"

ఫణిశయనం మొదలుపెట్టగా చప్పట్లు మారుమోగాయి.

దాన్ని నిరెండాకు అనువదించమని ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది. దివాకరం చెప్పాడు. ఆమె ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, తరవాత పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు కుర్చీలో కూలబడ్డాక కూడా ఆగలేదు. సుభాషిణి వేదిక ఎక్కి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది.

ఇంగ్లీషు మాటకు బిళ్ళ వేయడం ఆ నెలలోనే రద్దయింది. సిగ్గుపడి కాదు. విశ్వవిద్యాలయం యోగ్యతను పరీక్షించడానికి ఢిల్లీనుంచి తనిఖీ సంఘం వస్తోందని తెలిసింది. వాళ్ళకు తెలుగు రాదు. మూడో ఉత్తర్వు వెంటనే వెలువడింది. తనిఖీ ముగియువరకు ప్రాంగణమునందు తెలుగు పదము నుచ్చరించిన వారి కంఠమునందు సదరు బిళ్ళయే అలంకరింపబడును. కొత్త చెక్క అవసరం లేదని రిజిస్ట్రారు కింద ప్రత్యేకంగా రాయించాడు.

వైస్ ఛాన్సలరు దివాకరాన్ని పిలిపించాడు. సభలో జరిగినదాన్ని ఆయన పట్టించుకోలేదు. "ఆంగ్ల సంభాషణా సంవర్ధక సంఘానికి మీకన్న అర్హులెవరు? అధ్యక్షత స్వీకరించండి. కేంద్రం మీదే."

"వద్దు సార్" అన్నాడు దివాకరం.

"కారణం?"

చాలా కారణాలు ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో సిద్ధంగా ఉన్నాయి. "ఇష్టం లేదు సార్" అన్నాడు.

కేంద్రం భూసార విభాగానికి పోయింది. ఖాళీ బీరువాలో ఇప్పుడు చౌడుమట్టి నమూనాలు పెట్టారు. దివాకరం పుస్తకాలు కట్టలు విప్పి ఇంటికి చేర్చారు. సుభాషిణి చోటు లేదంటూనే తన కేసుకట్టలు జరిపి చోటిచ్చింది.

నిరెండా హైదరాబాదు రైలెక్కే రోజున దివాకరం స్టేషనుకు వెళ్ళాడు, తెల్లచొక్కా తొడుక్కుని. సామాను మోయడానికి మద్దిలేటి తనంతట తనే వచ్చాడు. పెట్టె లోపల పెట్టి దిగుతుంటే నిరెండా అతని భుజం తట్టింది. అతను సిగ్గుపడ్డాడు.

"దీని గురించి రాస్తావా?" అని ఆమె కిటికీలోంచి దివాకరాన్ని అడిగింది.

"రాస్తాను. తెలుగులో."

"మంచిది." ఆమె కాస్త ఆలోచించింది. "మరి నేనెలా చదివేది?"

దివాకరం ఏదో చెప్పబోయి ఆగాడు. ఆమె అర్థం చేసుకుంది. "చెప్పు, పర్లేదు. ఇది మీ ప్రాంగణం కాదు."

"ఎవరైనా ఇంగ్లీషులోకి చేయాలి" అన్నాడు ఆయన, ఆ పువ్వుల చొక్కాలు తొడుక్కున్న రోజుల్లో కూడా ఎరగనంత సిగ్గుతో.

"చేయించు. నేను దాన్ని తుంబుకాలోకి చేస్తాను. మా వాళ్ళకు నీ సంగతి చెప్పాలి కదా" అంది ఆమె.

రైలు కదిలింది. దివాకరం పక్కనే నడిచాడు, తరవాత పరుగెత్తాడు. ఆమె కిటికీ ఊచల్లోంచి చేయి ఊపుతూ తుంబుకాలో ఏదో గట్టిగా అరిచింది. చాలా పొడుగు మాట. రైలు చప్పుడులో కలిసిపోయింది.

మద్దిలేటి రొప్పుతూ పక్కకొచ్చాడు. "ఏమంటాంది సార్, ఆయమ్మ?"

దివాకరం ప్లాట్‌ఫారం చివర నిలబడి, రైలు వంపు తిరిగేదాకా చూశాడు.

"తెలీదప్పా" అన్నాడు.